ఆక్స్‌ఫర్డ్ గోపురాలూ, దుమ్ముగూడెం లాకులూ

— బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సరం విద్యార్థి, చర్ల

ఆక్స్‌ఫర్డ్ పట్టణంలో ఏ వీధిలో ఏ గోపురం వున్నదో మన కళాశాలలో కనీసం పదిమంది చెప్పగలరు. దుమ్ముగూడెం ఎక్కడున్నదో చెప్పగలిగినవాళ్ళు, మా బస్సు రూటు కుర్రాళ్ళను తీసేస్తే, ఇద్దరో ముగ్గురో. ఇందులో ఎవరినీ నిందించేది లేదు. పుస్తకాలలో వున్నది మనకు తెలుస్తుంది, లేనిది తెలియదు. కాని తెలియదు అనటం వేరు, లేదు అనటం వేరు.

ఈ మాట ఎందుకు యెత్తుతున్నానంటే, ఈ విద్యాసంవత్సరంలో మన విద్యార్థి సంఘం వారు జరిపిన ఒక సభలో, ఆక్స్‌ఫర్డ్ చూసి వచ్చిన మన పూర్వ విద్యార్థి ఒకాయన తెర మీద బొమ్మలు వేసి గంటన్నరసేపు మాట్లాడారు. చాలా బాగా మాట్లాడారు. చివర్లో ఒక జూనియర్ తమ్ముడు లేచి, "సార్, ఇట్లాంటివి మన దిక్కు ఏమన్నా వున్నాయా?" అని అడిగాడు. ఆయన నవ్వి, "మనకు గుళ్ళున్నాయి నాయనా, అంతే. పాత కాలేజీలు, చర్చిలు, కాలువలు ఇట్లా దాచుకున్న వూరు మనకెక్కడిది?" అన్నారు. హాలంతా నవ్వింది. ఆయన మీద నాకు గౌరవమే గాని, ఆ జవాబు మీద నాకు అభ్యంతరం వుంది. సావనీరు సంపాదకులు నాలుగు పేజీలు యిచ్చారు గనుక ఆ అభ్యంతరాన్ని యిక్కడ రాస్తున్నాను.

ముందు ఆక్స్‌ఫర్డ్‌కు యివ్వవలసిన గౌరవం యిచ్చేద్దాం. అక్కడ 1096 నాటికే ఏదో ఒక రూపంలో చదువు సాగుతున్నదంటారు. 1167లో రెండవ హెన్రీ రాజు తన ప్రజలు పారిస్‌కు పోయి చదవరాదని ఆంక్ష పెట్టటంతో విద్యార్థులంతా యీ వూరికే చేరారు. మొదట్లో విశ్వవిద్యాలయానికి సొంత భవనమంటూ లేదు. సెయింట్ మేరీ చర్చిలోనే సభలు, అక్కడే పట్టాలు, అక్కడే పెట్టెల్లో పుస్తకాలు. చర్చీ కాలేజీ వేరు వేరు కాదన్నమాట. క్రైస్ట్ చర్చ్ అనే కాలేజీలో యిది యింకా విచిత్రం: కాలేజీ ప్రార్థనాలయమే ఆ జిల్లాకంతా పెద్ద కతీడ్రల్. ప్రపంచంలో మరెక్కడా యిట్లా లేదట. ఆ కాలేజీ వాకిట్లో క్రిస్టఫర్ రెన్ 1680ల మొదట్లో లేపిన టామ్ టవర్ వుంది. అందులోని పెద్ద గంట రోజూ రాత్రి 9 గంటల 5 నిమిషాలకు 101 సార్లు మోగుతుంది.

ఈ 5 నిమిషాల సంగతి సైన్సు వాళ్ళకు ముచ్చట గొలిపేది. ఆక్స్‌ఫర్డ్ గ్రీనిచ్‌కు పడమరగా డిగ్రీంబావు దూరంలో వుంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున అక్కడి సూర్యుడు 5 నిమిషాలు వెనక. దేశమంతా గ్రీనిచ్ కాలానికి మారినా ఆ గంట మాత్రం తన వూరి సూర్యుణ్ణే నమ్ముకుంది. అదే లెక్కన మా చర్ల సూర్యుడు మన రేడియో టైముకు సుమారు 7 నిమిషాలు వెనక. లెక్క మీరే చేసి చూడండి: మన ప్రామాణిక రేఖ 82 డిగ్రీల 30 నిమిషాలు, చర్ల 80 డిగ్రీల 49 నిమిషాల దగ్గర. మా వూళ్ళో దీన్ని చెప్పే గంట లేదు గాని, మా నాయన ఏనాడూ రేడియో టైముకు చేలోకి పోలేదు.

బాడ్లియన్ గ్రంథాలయం 1602లో తెరిచారు. పుస్తకం బయటికి యివ్వకూడదన్నది నియమం. 1645లో మొదటి చార్లెస్ రాజు అడిగినా యివ్వలేదు. హై స్ట్రీట్‌లో ఒక గోడకు పలక వుంది. రాబర్ట్ బాయిల్ 1655 నుండి 1668 వరకు ఆ చోటనున్న యింట్లో వున్నాడనీ, మనం ఇంటర్మీడియట్‌లో బట్టీపట్టిన బాయిల్ నియమం అక్కడే కనుగొన్నాడనీ, రాబర్ట్ హుక్ అతని సహాయకుడనీ ఆ పలక చెబుతుంది. క్లారెండన్ లేబొరేటరీలో 1840 నుండి అదే పొడి బ్యాటరీల మీద నేటికీ కొట్టుకుంటూనే వున్న చిన్న గంట ఒకటి వుంది. బ్రాడ్ స్ట్రీట్ నడిమధ్య రోడ్డు మీద రాళ్ళతో ఒక శిలువ గుర్తు వుంది. 1555లో రిడ్లే, లాటిమర్ అనే బిషప్పులను, 1556లో క్రాన్మర్‌ను ఆ చోటనే సజీవంగా కాల్చారు. ఆ ముగ్గురి పేర స్మారక స్తంభం 1843లో పూర్తయింది. అంటే తమ వూరు చేసిన ఘోరాన్ని కూడా ఆ వూరు గుర్తు పెట్టి వుంచింది. ఆక్స్‌ఫర్డ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఏ గోపురమూ కాదు, రోడ్డు మీది ఆ గుర్తు.

అయితే మన వక్తగారు చెప్పకుండా వదిలేసిన సంగతులు కొన్ని వున్నాయి. ఆ వూరు తనంతట తాను అట్లా నిలబడి లేదు. ఆక్స్‌ఫర్డ్ కాలువ 1790లో వూరి దాకా వచ్చింది. దాని మీద బొగ్గు పడవలు నడిచేవి. 1844లో రైలొచ్చింది. కాలువ పని తగ్గింది. 1930లలో వూరి మధ్యనున్న కాలువ రేవును కార్ల వ్యాపారి నఫీల్డ్ ప్రభువు కొన్నాడు, తర్వాత దాన్ని పూడ్చారు, ఆ చోట ఆయన పేర కాలేజీయే లేచింది. మిగిలిన కాలువను 1950లలో మూసేద్దామంటే పడవల వాళ్ళూ కాలువల ప్రేమికులూ పోట్లాడి నిలుపుకున్నారు. క్రైస్ట్ చర్చ్ పచ్చిక బయలు మీదుగా మోటారు రోడ్డు వేద్దామని కూడా ఆ రోజుల్లోనే ఏళ్ళ తరబడి పట్టు పట్టారు. చివరికి వెయ్యలేదు. కాబట్టి అక్కడివాళ్ళు మనకన్నా పుణ్యాత్ములని గాని, మనం మొరటువాళ్ళమని గాని అనుకోనక్కరలేదు. అక్కడ పోట్లాడేటప్పుడు చేతిలో కాగితం వుంది: ఫలానా సంవత్సరం, ఫలానావాడు, యిన్ని అడుగులు. మనకు రాళ్ళున్నాయి, కాగితం లేదు.

ఇంకో సంగతి. ఆక్స్‌ఫర్డ్ దగ్గర థేమ్స్ నది మీద ఇఫ్లీ అనే చోట లాకు వుంది. ఆ దేశంలో గుమ్మాల మధ్య నీరు నింపి పడవ లేపే పద్ధతి లాకుల్లో మొదటివాటిలో అదొకటి, 1630ల నాటి మాట. తర్వాత తిరగ్గట్టి నేటికీ వాడుతున్నారు. చుట్టూ పూలమొక్కలట, పర్యాటకులు ఫోటోలు దిగుతారట. తెర మీద ఆ బొమ్మ పడగానే నా పక్కనున్న మిత్రుడు "అబ్బ!" అన్నాడు. నేను మాత్రం, "ఒరే, మా దగ్గర కూడా వుందిరా యిది" అన్నాను. వాడు నమ్మలేదు.

వుంది. దుమ్ముగూడెంలో వుంది. మా చర్ల నుండి భద్రాచలం పోయే దారిలోనే.

గోదావరి మీద పడవలు పైకి పోకుండా అడ్డుపడే రాతి మెరకలు మూడు. మొదటిది దుమ్ముగూడెం దగ్గర, రెండవది ఇంద్రావతి కలిసేచోటికి దిగువన ఇచ్చంపల్లి దగ్గర, మూడవది ప్రాణహిత మీద దేవలమర్రి దగ్గర. ఈ మూడింటినీ ఆనకట్టలతో, పక్క కాలువలతో, లాకులతో దాటిస్తే బేరారు పత్తి అంతా నీటి దారిన కాకినాడ సముద్రానికి చేరుతుందని సర్ ఆర్థర్ కాటన్ వాదించాడు. ఆ పనుల మీద యీ అడవిలో వుండి కట్టించినవాడు మాత్రం హేగ్ అనే మిలిటరీ ఇంజనీరు. మా వైపు రాతికట్టడం ఏది చూసినా "కాటన్ దొర కట్టించాడు" అనేస్తారు. ధవళేశ్వరం కీర్తి అంతటిది. హేగ్ పేరు ఎవరికీ తెలియదు. పాపం, ఆయన పని సగంలో ఆగింది గదా.

ఎందుకు ఆగిందో చూడండి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై మాంచెస్టర్ మిల్లులకు పత్తి రావటం ఆగిపోయింది. అప్పుడు వాళ్ళ కళ్ళన్నీ మన నల్లరేగడి మీద పడ్డాయి. గోదావరి పని వూపందుకుంది. అంతకు కొంచెం ముందే, 1860 ఒడంబడికతో నిజాం ప్రభువు గోదావరి ఎడమగట్టు తాలూకాలను ఇంగ్లీషువాళ్ళకు వదిలిపెట్టాడు. మా చర్ల కూడా అట్లా చేతులు మారిందే. ఐతే 1865లో అమెరికా యుద్ధం ముగిసింది. 1867లో బొంబాయి రైలు నాగపూరు చేరింది. పత్తికి రైలు దొరికాక నది ఎవరికి కావాలి? 1871లో పని కట్టిపెట్టారు. ఎక్కడో అమెరికాలో తెల్లవాళ్ళు తన్నుకుంటే మా మన్యంలో కాలువ తవ్వారు, ఎక్కడో నాగపూరులో ఇంజను కూత వేస్తే ఆ కాలువ ఆగిపోయింది. చరిత్ర పరీక్షలో యిట్లాంటి ప్రశ్న ఒక్కటి యిస్తే నేను సైన్సు వదిలి అటే పోయేవాణ్ణి.

లాకు పనిచేసే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే చదివేవాళ్ళలో సగం మంది మా డిపార్టుమెంటు వాళ్ళే. రెండు గుమ్మాల మధ్య రాతి తొట్టి. కిందనుండి వచ్చిన పడవ లోపలికి రాగానే కింద గుమ్మం మూస్తారు. పై గుమ్మం తూము తెరుస్తారు. నీళ్ళు వాటంతట అవే వచ్చి తొట్టి నిండుతుంది, పడవ లేస్తుంది. మోటారు లేదు, కరెంటు లేదు. గుమ్మాలు ఎగువవైపుకు కోణంగా కలుస్తాయి గనుక నీటి ఒత్తిడే వాటిని బిగించి పడుతుంది. మనవాళ్ళు చాలామంది పొరపడేది ఒకటుంది: బరువైన పడవకు ఎక్కువ నీళ్ళు ఖర్చవుతాయనుకుంటారు. కాదు. నిండిన తొట్టిలో పడవను కిందికి దింపటానికి వదిలే నీరు తొట్టి వైశాల్యాన్ని మట్టాల తేడాతో గుణిస్తే ఎంతో అంతే. పడవ ఖాళీదైనా, వెయ్యి బస్తాలదైనా ఒకటే. ఆర్కిమెడిస్ సూత్రం రాసి నిరూపించండి అని మా ఫిజిక్సు మాస్టారు ప్రాక్టికల్ పరీక్షలో అడిగితే బాగుంటుంది.

ఇక చర్చి సంగతి. 1841లో ఇద్దరు తెల్లవాళ్ళు బందరు రేవుకు వచ్చారు. ఒకడు హెన్రీ ఫాక్స్, ఆక్స్‌ఫర్డ్‌లోని వాడమ్ కాలేజీలో చదివినవాడు. రెండవవాడు రాబర్ట్ నోబుల్, కేంబ్రిడ్జిలోని సిడ్నీ ససెక్స్ కాలేజీ వాడు. ఫాక్స్ వూళ్ళు తిరిగి 1848లోనే చనిపోయాడు. నోబుల్ 1843లో బందరులో బడి పెట్టాడు. అంటే ఆక్స్‌ఫర్డ్‌లో ఆ బిషప్పుల స్తంభం పూర్తయిన యేడే. 1852లో ఇద్దరు విద్యార్థులు క్రైస్తవం పుచ్చుకున్నారని బందరు పెద్దలు కోపగించి పిల్లల్ని మానిపించారు. మళ్ళీ నెమ్మదిగా చేర్పించారు. అదే నోబుల్ కాలేజీ. చదువు పేర మతం మార్చటానికి వచ్చారన్నది నిజమే, ఆ మాట దాచనక్కరలేదు. ఆ చదువు వల్ల ఆంధ్రదేశంలో ఒక తరం తయారైందన్నదీ నిజమే.

ఆ చర్చి మిషనరీ సొసైటీ వాళ్ళనే హేగ్ దొర 1860ల మొదట్లో దుమ్ముగూడేనికి పిలిపించాడు. ఆనకట్ట పని మీద ఆయన చూసిన కోయవాళ్ళ కోసం పిలిపించాడు. పని ఆగిపోయింది, ఇంజనీర్లు వెళ్ళిపోయారు, మిషన్ మిగిలింది. జాన్ కెయిన్ అనే పాదిరీ అక్కడే వుండి కోయభాష నేర్చుకుని, భద్రాచలం, రేకపల్లి తాలూకాలను గూర్చి, కోయవారి పెళ్ళిళ్ళు, పండుగలు, దేవతలను గూర్చి 1870లలో ఇండియన్ యాంటిక్వరీ పత్రికలో రాశాడు. 1909లో థర్స్టన్ దక్షిణదేశపు కులాలు తెగల మీద అచ్చువేసిన పెద్ద గ్రంథంలో కోయల అధ్యాయానికి చాలా సరుకు కెయిన్ దగ్గరిదే. మా గూడేలను గూర్చి నేను మొదటిసారి అచ్చులో చదివింది యీ దారినే. కెయిన్ రాసిందంతా ఒప్పుకోనవసరం లేదు. పాదిరీ కళ్ళతో చూశాడు. కాని చూశాడు, రాశాడు. ఆయన తర్వాత మన వాళ్ళెంతమంది ఆ పని చేశారు?

దోర్నకల్ సంగతి చెప్తే యింకా ఆశ్చర్యం. కొత్తగూడెం వైపు నుండి రైల్లో వచ్చే మనవాళ్ళందరం దోర్నకల్ జంక్షన్‌లో టీ తాగినవాళ్ళమే. స్టేషన్ దాటి వూళ్ళోకి పోయినవాళ్ళెందరు? 1912లో ఆంగ్లికన్ చర్చిలో మొదటి భారతీయ బిషప్ అయిన అజరయ్య దోర్నకల్ బిషప్పే. ఆయన కట్టించిన ఎపిఫనీ కతీడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. స్తంభాలు చూస్తే గుడి, గుమ్మటాలు చూస్తే మసీదు, లోపల శిలువ. అదే 1939లో హైదరాబాదులో ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ భవనం ప్రారంభమైంది. దాని కోసం ఇద్దరు ఇంజనీర్లను దేశదేశాల విశ్వవిద్యాలయాలు చూసి రమ్మని పంపారు, బెల్జియం శిల్పి జాస్పర్ నక్షా గీశాడు. అక్కడా గుడి కంబాలూ, మసీదు కమానులూ కలిసే వుంటాయి. ఒకే సంవత్సరం, ఒకే రాజ్యం, ఒకటి బిషప్ కట్టించింది, ఒకటి నిజాం కట్టించింది. ఆక్స్‌ఫర్డ్‌లో యిట్లాంటి జంట వుందా అని మన వక్తగారిని అడగవలసింది.

మన దిక్కు నుండి ఆక్స్‌ఫర్డ్‌కు దారి ఒకవైపే నడిచేది కూడా కాదు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1931 నుండి 1936 దాకా ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షుడు. అక్కడినుండి ఆక్స్‌ఫర్డ్‌కు స్పాల్డింగ్ ఆచార్యుడిగా పోయి 1952 దాకా ఆ పీఠంలో వున్నారు. వాల్తేరులో ఆయనకు ముందూ తర్వాతా వున్న కట్టమంచి రామలింగారెడ్డి గారు కేంబ్రిడ్జి సెయింట్ జాన్స్‌లో చదివినవారు. ఇవి అందరికీ తెలిసినవే గనుక పొడిగించను.

నాకు తెగని ప్రశ్న వేరే వుంది. దుమ్ముగూడెం రాళ్ళు ఎవరివి? మా పక్క చేను కోయ పెద్దాయన ఒకసారి అన్నాడు: "అయ్యా, మా తాతల తాతలు అక్కడ తట్టలు మోసిన్రంట. జొరాలొచ్చి పడిపోయిన్రంట. దొర పేరు అడుగుతవు, మావోళ్ళ పేర్లు ఎవడు రాసిండు?" నేనేమీ చెప్పలేకపోయాను. కట్టడాలు కాపాడమనగానే "తెల్లవాడి గుర్తులు మనకెందుకు?" అనే మిత్రులు మన సంఘంలో వున్నారు. వాళ్ళకు నా జవాబు యీ పెద్దాయన మాటే. ఆ కట్ట పోతే దొరకు పోయేదేమీ లేదు, వాడి పేరు లండను కాగితాల్లో భద్రంగా వుంది. తట్ట మోసినవాడికి ఆ కట్ట ఒక్కటే రుజువు. 1879లో రంప పితూరీ లేచి మా భద్రాచలం మన్యంలోని రేకపల్లి వైపు కూడా పాకింది. అందులో చచ్చినవాళ్ళకు బ్రాడ్ స్ట్రీట్‌లో వున్నట్టు రోడ్డు మీద ఒక రాయి వుందా? ఆ రేకపల్లి యిప్పుడు ఆంధ్రప్రదేశ్‌లోకి పోయింది, పోలవరం ముంపు దిక్కు చూస్తున్నది.

మా ప్రాంతం కాగితాలు దొరక్కపోవటానికి ఒక కారణం అది చేతులు మారిన తీరు. నిజాం నుండి 1860లో ఇంగ్లీషువాళ్ళకు. వాళ్ళు మొదట నాగపూరు కేంద్రంగా వున్న మధ్య పరగణాల్లో కలిపారు. భద్రాచలం, రేకపల్లి 1874లో మద్రాసు గోదావరి జిల్లాకు వచ్చాయి. మా చర్ల, నూగూరు, ఆల్బాక మరో ముప్పై యేళ్ళకు పైగా చాందా జిల్లాతోనే వుండి యిరవయ్యో శతాబ్దపు మొదటి పదేళ్ళలో వచ్చాయి. 1959లో తూర్పు గోదావరి నుండి ఖమ్మం జిల్లాకు. 2014లో మన్యం రెండు రాష్ట్రాలకు చీలింది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా. మా నాయనమ్మ ఒకే యింట్లో వుండి మూడు జిల్లాల రేషను కార్డులు చూసింది. ఇన్ని కచేరీలు మారిన వూరి కాగితాలు వెతకాలంటే నాగపూరు, చెన్నై, కాకినాడ, హైదరాబాదు తిరగాలి. మిషన్ ఉత్తరాలైతే ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో వున్నాయి. ఏ కాలేజీ కుర్రాడికి సాధ్యం? ఒక్కడికి కాదు. ఒక విద్యార్థి సంఘానికి, పది సంవత్సరాలు పట్టుబడితే, సాధ్యమే.

ఇదంతా యిప్పుడే ఎందుకంటే, తొందర వుంది. గోదావరి మీద దుమ్ముగూడెం పాత ఆనకట్టకు దిగువన సీతమ్మసాగర్ బ్యారేజీ పనులు మొదలుపెట్టారు. పర్యావరణ అనుమతి లేకుండా చేయరాదని 2023లో జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆపమన్నది. బ్యారేజీ పూర్తయి నిండు నీరు నిలిస్తే పాత ఆనకట్ట తల కనబడటం సందేహమే. నేను రైతు బిడ్డను. నీళ్ళు వద్దని నా నోట రాదు. మా చేలకు తాలిపేరు నీళ్ళు వచ్చే చివరి కాలువ కింద నాలుగు ఎకరాలు వరి, పైన మిరప. చివరి తడి అందక మిరప ఎండిన యేడు మా యింట్లో ఎట్లా గడిచిందో నాకు తెలుసు. అదే సమయంలో కరకట్టల కింద భూములు పోతాయని మా మండలంలోనూ దుమ్ముగూడెంలోనూ రైతులు రోడ్డెక్కారు. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చిన గోదావరిని చూసినవాళ్ళకు కట్ట అంటే ఆశా వుంటుంది, భయమూ వుంటుంది. ఎటు మొగ్గాలో మా నాయనకే తెలియటం లేదు. ఈ పాతరాళ్ళ సంగతి ఆయనతో అంటే, "ముందు మన గెట్టు రాళ్ళు వుంటయ్యో పోతయ్యో చూడరా అబ్బాయ్, తర్వాత దొర రాళ్ళు చూద్దాం" అన్నాడు.

ఆ మాట న్యాయమైనదే. కాని నాకు గెట్టు రాయికీ ఆనకట్ట రాయికీ పెద్ద తేడా కనిపించటం లేదు. గెట్టు రాయి ఎక్కడుందో సర్వే కాగితంలో వుంటేనే రేపు నష్టపరిహారం అడగటానికి కుదురుతుంది. కొలిచి రాసి పెట్టని భూమికి పరిహారం లేదు, కొలిచి రాసి పెట్టని కట్టడానికి కనీసం పేరు కూడా మిగలదు. బ్యారేజీ రావాలా వద్దా అన్నది పెద్దలూ కోర్టులూ తేలుస్తారు. తేలేలోగా కొలవటం మన చేతిలో పని.

"గుళ్ళున్నాయి, అంతే" అన్న మాటకు కూడా జవాబు చెప్పాలి. భద్రాచలం గుడిని "అంతే" అనెయ్యటం ఎట్లా కుదురుతుంది? పాల్వంచ పరగణా తహశీలుదారు కంచర్ల గోపన్న గుడి కట్టించటం, సర్కారు డబ్బు వాడాడని తానీషా కాలంలో గోల్కొండ చెరలో వుండటం, ఆ చెర గోల్కొండ కోటలో నేటికీ చూపించటం, ఆయన చేయించిన నగలు నేటికీ శ్రీరామనవమి కల్యాణంలో స్వామికి పెట్టటం, గోల్కొండ కాలం నుండి వస్తున్నదని చెప్పే ముత్యాల తలంబ్రాలు యిప్పటికీ సర్కారు తరఫున రావటం — యిదంతా ఒక్క గుడి చుట్టూ బతికి వున్న చరిత్ర. మాగ్డలెన్ కాలేజీ గోపురం మీద ఏటా మే 1న తెల్లవారుజామున పిల్లలు పాడతారని, కింద వీధి నిండా జనం నిలబడి వింటారని మన వక్తగారు మురిసిపోతూ చెప్పారు. నవమి నాడు మిథిలా స్టేడియం బయట ఎండలో నిలబడ్డ జనాన్ని ఆయన చూసి వుంటే ఆ రెంటినీ ఒకే నోట చెప్పివుండేవారు. గుడికి బతుకు వుంది కాబట్టి గుడి నిలిచింది. లాకులకు పని పోయింది కాబట్టి లాకుల్ని మరిచాం. పని పోయినవాటిని గుర్తుపెట్టుకోవటమే కష్టం, అందుకే అక్కడ మనుషులు కావాలి.

విద్యార్థి సంఘానికి నా విన్నపం ఇది. ప్రతి సంవత్సరం విహారయాత్రకు సంఘం నిధి నుండి కొంత తీస్తారు. ఈసారి ఊటీ, మైసూరు మానేసి ఇరవై మందిని దుమ్ముగూడెం పంపండి. సివిల్ ఇంజనీరింగ్ చదివే మిత్రులు మన యూనివర్సిటీలోనే వున్నారు, వాళ్ళ దగ్గర లెవెల్ యంత్రం అరువు తీసుకోవచ్చు. ఆనకట్ట పొడవు, లాకు తొట్టి కొలతలు, గుమ్మాల కోణం, రాతి రకం, సున్నం నాణ్యం మేము సైన్సు వాళ్ళం రాస్తాం. తెలుగు, చరిత్ర విద్యార్థులు గూడేల్లో పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేయండి, ముఖ్యంగా తట్ట మోసినవాళ్ళ మనవళ్ళవి. కోయభాష వచ్చిన విద్యార్థులు మన హాస్టల్లోనే ఆరుగురున్నారు, వాళ్ళను ముందు పెట్టండి. వచ్చే సంవత్సరం సావనీరులో యీ లెక్కలన్నీ అచ్చువేద్దాం. సావనీరు అంటే సంఘం పదాధికారుల ఫోటోలూ, కిరాణా కొట్ల ప్రకటనలూ మాత్రమే కానక్కరలేదు గదా.

ఫిబ్రవరి, మార్చి మంచి కాలం. గోదావరి తగ్గి వుంటుంది, ఆనకట్ట రాళ్ళు బయటపడతాయి, ఎండలు యింకా ముదరవు. అందులోనూ మా వైపు మిరప కోతలు మొదలవుతాయి, కూలీల ట్రాక్టర్లు పొద్దున్నే తిరుగుతుంటాయి గనుక లోపలి గూడేలకు పోవటానికి బండి దొరుకుతుంది. భద్రాచలంలో చర్ల బస్సు ఎక్కాలి. లక్ష్మీనగరం దగ్గర దిగి దుమ్ముగూడెం అడిగితే ఎవరైనా చూపిస్తారు. "కాటన్ దొర లాకులు" అనే అడగండి, హేగ్ అంటే ఎవరికీ తెలియదు. రాత్రికి చర్ల వచ్చేస్తే మా యింట్లో పదిమందికి చోటుంది, మిగతా పదిమందిని పక్కిళ్ళలో సర్దుతాం. మా అమ్మతో ముందే చెప్పి వుంచాను. కూరలో కారం మాత్రం తగ్గించదట.